నేవీలో అత్యున్నత ర్యాంకుకి ఏ జవాబు పెట్టాలి?

ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్ష మాక్ టెస్ట్ 37వ ప్రశ్న దగ్గర ఇరుక్కుపోయాను. ఆర్మీలో అత్యున్నత ర్యాంకుకి జవాబుల కీలో ఫీల్డ్ మార్షల్ (1973లో మానెక్‌షా, 1986లో కరియప్ప), ఎయిర్‌ఫోర్స్‌కి మార్షల్ ఆఫ్ ద ఎయిర్‌ఫోర్స్ (2002లో అర్జన్ సింగ్) అని ఇచ్చారు. ఇవి రెండూ ఐదు నక్షత్రాల గౌరవ ర్యాంకులే కదా. నేవీ దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుగు నక్షత్రాల అడ్మిరల్ సరైనదట! నేను పెట్టింది ఐదు నక్షత్రాల అడ్మిరల్ ఆఫ్ ద ఫ్లీట్. మన దేశంలో అది ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదని తెలుసు.

రెండు గైడ్లు తిరగేశాను, ఒక్కోదాంట్లో ఒక్కో జవాబు. కోచింగ్‌లో సార్‌ని అడిగితే "కీలో ఉన్నదే రాసేయ్" అన్నారు. పెన్సిల్‌తో దిద్ది దిద్ది ఆ గడి దగ్గర కాగితం చిరిగింది.

అసలు పరీక్షలో ఆప్షన్లలో ఈ రెండూ ఉంటే, ఏది గుర్తించాలి?