సమస్య: అక్షరమ్ము చెఱుప రక్ష గలుగు

జయనగర్ (నిర్వహణ; ఇక్కడి పేర్లన్నీ మన బెంగళూరు పేటలవి): ఈసారి సమస్య రూను విద్య మీద, అంటే మంత్రశక్తి ఉందనుకునే చెక్కుడు అక్షరాల మీద. పైన ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు మీరు పూరించాలి. అక్ష–రక్ష ప్రాసయతి ఉంది (యతికి బదులు రెండో అక్షరం కలవడం). బెంగళూరు బల్లల మీద మనం ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి పాచికలతో ఆడే ఆట) ఐదో ఎడిషన్, 2014 నియమాలే ప్రమాణం. అక్షరాన్ని చెరిపితే రక్ష ఎలా వస్తుందో ఛందస్సూ ఒప్పుకోవాలి, నియమాలూ ఒప్పుకోవాలి.

మారతహళ్ళి:

తలుపు పైని రూను తాకినఁ బేలును;
వెదకి చూచి మొదట వివర మెఱిఁగి
మంత్రభంగ విద్య మాంత్రికుఁ డొనరించి
యక్షరమ్ము చెఱుప రక్ష గలుగు

జయనగర్: యతులన్నీ కుదిరాయి. రెండో పాదం నాకు బాగా నచ్చింది. గ్లిఫ్ ఆఫ్ వార్డింగ్ (పేలే కాపలా రూను గీసే మంత్రం) దాదాపు కనిపించదు, దాన్ని పట్టుకోవడానికి పర్సెప్షన్ (గమనించే నేర్పు) పనికిరాదు. ఇన్వెస్టిగేషన్ (ఆరా తీసే నేర్పు) పాచిక వేసి, గీసినవాడి స్పెల్ సేవ్ డీసీని (అతని మంత్రాలను ఎదుర్కోవడానికి రావలసిన అంకెను) అందుకోవాలి. "వెదకి చూచి" అన్నది సరిగ్గా అదే.

ఒక్క లోటు, దూరం చెప్పలేదు. పేలుడు రూను చుట్టూ 20 అడుగులు, 5డీ8 (ఎనిమిది ముఖాల పాచికలు ఐదింటి మొత్తం) దెబ్బ. డిస్పెల్ మ్యాజిక్ (పద్యంలోని మంత్రభంగ విద్య) 120 అడుగుల నుంచి పనిచేస్తుంది కాబట్టి తలుపు దగ్గర నిలబడి వేయడం అనవసరపు సాహసం. మూడో స్థాయి గ్లిఫ్ దానంతటదే పోతుంది. ఐదో స్థాయి స్లాటుతో (మంత్రం వేయడానికి ఖర్చయ్యే వంతుతో) గీసినదైతే పాచిక మొత్తం 15 దాకా రావాలి, రాకపోతే మీ స్లాటు వృథా.

డీఎంలకు (ఆట నడిపేవాళ్ళకు) ఒక మాట. గ్లిఫ్ గీయడానికి గంట పడుతుంది, 200 బంగారు నాణేల వజ్రపు పొడి ఖర్చవుతుంది. ప్రతి తలుపుకీ ఒకటి పెట్టే విలన్‌ని ఎవరూ నమ్మరు.

వైట్‌ఫీల్డ్:

తప్పు రూను చెక్కఁ దాపమ్ము హెచ్చఁగా
నెముక గీఱి కాల్చి యెగిలు నాఁడు
కన్నెఁ గావ మరలఁ గ్రొత్తవి లిఖియించె
నక్షరమ్ము చెఱుప రక్ష గలుగు

జయనగర్: ఐస్‌లాండ్ సాగాలోని (పాత వీరగాథలోని) ఎగిల్ ఘట్టాన్ని తెచ్చారు, చాలా సంతోషం! తిమింగలం ఎముక మీద తప్పుగా చెక్కిన పది అక్షరాల వల్ల అమ్మాయి జబ్బుపడుతుంది, ఎగిల్ వాటిని గీకేసి ఎముకను కాల్చి కొత్తవి చెక్కుతాడు. ఈ సమస్యకు ఇంతకంటే సహజమైన పూరణ దొరకదు. కానీ మూడో పాదంలో యతి తప్పింది. క–గ్రొ హల్లు కలిసినా అ–ఒ అచ్చులు కలవవు.

వైట్‌ఫీల్డ్: నిజమేనండీ. సవరణ: "కన్నెఁ గావ మరలఁ గడు నేర్పుతోఁ జెక్కె".

కోరమంగళ: ఇప్పుడు బాగుంది అక్కా. ఈ ఘట్టాన్ని ఆటలో పెట్టేవాళ్ళు 24 అక్షరాల పాత ఫుథార్క్ (రూను వర్ణమాల) చార్టు పంచకండి. ఎగిల్ పదో శతాబ్దం వాడు, అప్పటికి వాడుకలో ఉన్నది 16 అక్షరాల వరుస. అందులో క–గలకు ఒకే గుర్తు, ట–డలకు ఒకే గుర్తు, ప–బలకు ఒకటే. ఆటగాళ్ళు తప్పు చదవడానికి అదే సహజమైన కారణం, డీఎం వేరే చిక్కుముడి కల్పించక్కర్లేదు. ఐస్‌క్రీమ్ పుల్లల మీద చెక్కి ఇస్తే ఇంకా మంచిది. గీతలు నిలువుగా, ఏటవాలుగా మాత్రమే వేయండి. పుల్ల పొడవునా చెక్కిన అడ్డగీత కర్ర నారలో కలిసిపోతుంది.

బీటీఎం:

పెట్టెఁ గదుప రూను పేలక చచ్చును
పది యడుగుల దూరపథము దాట;
తాడు గట్టి నిలిచి దవ్వున లాగన్న
యక్షరమ్ము చెఱుప రక్ష గలుగు

జయనగర్: నియమం కరెక్టే. గీసినచోటి నుంచి 10 అడుగులు దాటితే గ్లిఫ్ పేలకుండానే చెడిపోతుంది. ఛందస్సులో దోషం లేదు. కానీ సమస్యలో ఉన్నది "చెఱుప", మీరు చేసింది కదపడం. మూడు పాదాలు ఒకవైపు పోయి, నాలుగోది విడిగా మిగిలింది.

మారతహళ్ళి: తాడు ఎవరు కడతారు తమ్ముడూ? దగ్గరికి వస్తేనే పేలేలా పెట్టి ఉంటే కట్టేవాడే పోతాడు. మేజ్ హ్యాండ్‌తో (మంత్రంతో పుట్టించే చేతితో) కట్టించాలి, దానికి 30 అడుగుల అందుబాటు ఉంది. పెట్టెను మాత్రం అది లాగలేదు, 10 పౌండ్లే మోస్తుంది. మామూలు జనపతాడు 50 అడుగులు, ముడికి పోయినా 20 అడుగుల అవతల నిలబడి లాగవచ్చు. అయితే పెట్టె కదిలితే పేలాలని షరతు పెట్టి ఉంటే ఈ ఉపాయం మొదటి అడుగులోనే బెడిసికొడుతుంది.

బీటీఎం: అన్నా, మూడో పాదం ఇలా మార్చాను:

త్రాటితోడ నిట్లు దవ్వుల నుండియే

జయనగర్: "ఇట్లు"తో కదపడమే చెరపడం అయింది, అన్వయం కుదిరింది. త్రా–ద యతి సరే. అంగీకరించాను.