పొలుసులు నిక్కబొడుచుకుని పొట్ట ఉబ్బిన గోల్డ్‌ఫిష్‌కు ఏ చికిత్స చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా దగ్గర 40 లీటర్ల తొట్టిలో మూడు ఒరాండా గోల్డ్‌ఫిష్‌లు ఎనిమిది నెలలుగా పెరుగుతున్నాయి. వాటిలో పెద్దదానికి ఐదు రోజులుగా పొట్ట రెండు వైపులా ఉబ్బింది. మొదట మేత ఎక్కువైందేమో అనుకుని రెండు రోజులు ఏమీ వేయలేదు కానీ తేడా కనిపించలేదు. నిన్నటి నుంచి పొలుసులు కొద్దిగా పైకి లేచినట్టున్నాయి, చేప అడుగున ఒక మూలే ఉండిపోతోంది. ఒకరు వంటింటి ఉప్పు వేయమన్నారు, మరొకరు మనుషులు వాడే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ క్యాప్సూల్‌ను విప్పి నీళ్లలో కలపమన్నారు. ఈ రెండింటిలో ఏది సరైనదో, మిగిలిన రెండు చేపలకు ఇది అంటుకుంటుందో తెలియజేయగలరు.

సమాధానం 1

ముందుగా చేపను పైనుంచి చూడండి. పొలుసులు ఈకల్లా విచ్చుకుని ఉంటే దాన్ని డ్రాప్సీ అంటారు, అంటే ఒంట్లో నీరు చేరడం. పొలుసులు ఒంటికి అంటిపెట్టుకుని నున్నగా ఉండి, చేప చురుకుగా తిరుగుతూ ఉంటే అది గుడ్లతో నిండిన ఆడచేప కావచ్చు, లేదా మలబద్ధకం కావచ్చు. ఉబ్బు ఒక పక్కకే ఉంటే కణితినో, మూత్రపిండం పెరగడాన్నో అనుమానించాలి. గోల్డ్‌ఫిష్‌లలో హోఫెరెల్లస్ అనే పరాన్నజీవి మూత్రపిండాన్ని ఇలాగే ఉబ్బించేస్తుంది, దానికి నమ్మదగిన మందు లేదు. మీరు చెప్పిన లక్షణాలు మాత్రం డ్రాప్సీ వైపే చూపిస్తున్నాయి.

ఇది ఎందుకు వస్తుందో తెలిస్తే చికిత్స గురించి సగం సందేహాలు తీరతాయి. మంచినీటి చేప ఒంట్లోని ద్రవం చుట్టూ ఉన్న నీటికంటే ఉప్పగా ఉంటుంది కాబట్టి మొప్పల గుండా, చర్మం గుండా నీరు రాత్రీపగలూ లోపలికి చేరుతూనే ఉంటుంది. ఆ నీటిని పలుచని మూత్రంగా బయటికి తోడిపోసే పని ప్రధానంగా మూత్రపిండాలది. అవి దెబ్బతిన్నప్పుడు నీరు పొట్టలోనూ పొలుసుల కిందనూ నిలిచిపోతుంది. దెబ్బతీసేది చాలాసార్లు ఏరోమోనాస్ వంటి బ్యాక్టీరియా. ఇవి దాదాపు ప్రతి తొట్టిలోనూ ఉంటాయి, ఆరోగ్యంగా ఉన్న చేపను ఏమీ చేయవు, నీరు పాడై చేప నీరసించినప్పుడే లోపలికి చొరబడతాయి. అందుకే అడుగుతున్నాను: చేపల వ్యర్థాల వల్ల నీటిలో చేరే విషాలు, అంటే అమ్మోనియా, నైట్రైట్ ఎంతున్నాయో పరీక్షించారా? ఫిల్టర్‌ను ఎలా కడుగుతున్నారు?

సమాధానం 2

మా బెట్టా చేపకూ ఇలాగే పొట్ట ఉబ్బింది కానీ పొలుసులు లేవలేదు. ఎండు పురుగుల మేత ఎక్కువ వేయడమే కారణమని తేలింది. మూడు రోజులు పస్తు ఉంచి, తరువాత కొద్దికొద్దిగా డాఫ్నియా అనే చిన్న నీటి పురుగులను పెడితే తగ్గిపోయింది. గోల్డ్‌ఫిష్‌కైతే ఉడికించి తొక్క తీసిన బఠాణీ పెడతారు. మీ చేప విషయంలో ఆ దశ దాటిపోయిందని అనిపిస్తోంది.

ప్రశ్న అడిగినవారు

పరీక్ష చేశాను. అమ్మోనియా 1 పీపీఎం, నైట్రైట్ 0.5 పీపీఎం, పీహెచ్ 8 వచ్చాయి. ఫిల్టర్ స్పాంజిని వారానికోసారి కొళాయి కింద తెల్లగా వచ్చేదాకా కడుగుతున్నాను. అది తప్పా?

సమాధానం 1

అవునండీ, మూలం అక్కడే ఉన్నట్టుంది. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే మేలుచేసే బ్యాక్టీరియా ప్రధానంగా ఆ స్పాంజి మీదే నివసిస్తుంది, కొళాయి నీటిలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. మీరు శుభ్రం చేస్తున్నాననుకున్న ప్రతి వారమూ తొట్టి మళ్లీ మొదటి రోజుకు వెళ్లిపోతోందన్నమాట. పైగా పీహెచ్ పెరిగే కొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. ఇకపై స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీటిలోనే మెల్లగా పిండండి. ఈరోజే సగం నీరు మార్చండి. కొత్త నీటికి క్లోరిన్ తొలగించే మందు కలపాలి, పాత నీటి ఉష్ణోగ్రతే దానికీ ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా రోజూ పరీక్షించి, అవసరమైనప్పుడల్లా నీరు మారుస్తూ ఉండండి. నిజానికి మూడు ఒరాండాలకు 40 లీటర్లు చాలా తక్కువ, కానీ అది తరువాతి పని.

సమాధానం 3

మందుల సంగతి నేను చెబుతాను. టెట్రాసైక్లిన్‌ను తొట్టిలో కలపకండి. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం ఆ మందును పట్టేసుకుంటాయి, చేప ఒంట్లోకి చేరేది స్వల్పం. మిగిలింది ఫిల్టర్ బ్యాక్టీరియాను దెబ్బతీయగలదు. యాంటీబయాటిక్ పనిచేయాలంటే మేతలో కలిపి పెట్టడమే మేలు, అదీ చేప ఇంకా తింటూ ఉంటేనే, చేపల వైద్యం తెలిసిన పశువైద్యుడు మోతాదు నిర్ణయిస్తేనే.

ఉప్పు విషయంలో అభిప్రాయ భేదాలున్నాయి. వంటింటి ఉప్పు లీటరుకు 1 గ్రాము చొప్పున ఉంటే లోపలికి చేరే నీటి ఒత్తిడి కొంత తగ్గుతుందనేవారు ఉన్నారు. మూత్రపిండాలు దెబ్బతిన్న చేపకు అదనపు సోడియం భారమనేవారూ ఉన్నారు. నేనైతే ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్‌నే ఎంచుకుంటాను. చేపను గాలి గొట్టం పెట్టిన వేరే టబ్బులోకి మార్చి, 20 లీటర్లకు ఒక టీ చెంచా చొప్పున విడిగా కరిగించి నెమ్మదిగా పోయాలి. ఇది వాపును కొంత తగ్గిస్తుందే తప్ప ఇన్‌ఫెక్షన్‌ను నయం చేయదు. ఆ టబ్బులో టెట్రాసైక్లిన్ వేస్తే ఆ మెగ్నీషియమే మందును నిర్వీర్యం చేస్తుందని గుర్తుంచుకోండి. టబ్బు నీటికి ఫిల్టర్ ఉండదు కాబట్టి దాన్నీ రోజూ మార్చాలి. హీటర్ పెట్టి వేడి పెంచమని కొందరు చెబుతారు, ఆ సలహాను నేను ఒప్పుకోను. వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఏరోమోనాస్ మరింత వేగంగా పెరుగుతుంది.

డ్రాప్సీ సాధారణంగా చేప నుంచి చేపకు నేరుగా అంటుకునేది కాదు, కానీ అదే నీటిలో ఉన్న మిగతా రెండూ అదే ప్రమాదంలో ఉన్నాయి. దాచకుండా ఒక మాట చెప్పాలి: పొలుసులు లేచాక బతికేవి తక్కువ. అరుదుగా క్షయ జాతి బ్యాక్టీరియా కూడా ఇలాంటి వాపుకు కారణమవుతుంది, అది చేతి గాయాల ద్వారా మనుషుల చర్మానికి సోకగలదు. కాబట్టి గ్లౌజులు వేసుకోండి.

ప్రశ్న అడిగినవారు

పది రోజుల తరువాత రాస్తున్నాను. ఎప్సమ్ సాల్ట్‌లో ఉంచిన మూడో రోజు వాపు కొంచెం తగ్గింది, ఒక గింజ మేత కూడా తిన్నది. ఆరో రోజు ఉదయానికి చనిపోయింది. మిగిలిన రెండూ బాగానే తింటున్నాయి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ ఇంకా 0.25 ఉంది. వాటికి ముందుజాగ్రత్తగా మందు ఏదైనా వేయాలా?

సమాధానం 1

బాధగా ఉంది. వాటికి మందేమీ వద్దు. నైట్రైట్ సున్నా అయ్యేదాకా రోజు విడిచి రోజు మూడో వంతు నీరు మార్చండి. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు కనుక మేతను రోజుకు రెండు మూడు చిన్న విడతలుగా వేయండి, స్పాంజిని మాత్రం ఈ నెలంతా ముట్టుకోకండి.