రాగి పట్టీని స్టీలు క్లిప్పుకు అతికించే మార్గం చెప్పండి

రేణిగుంటలోని మా చిన్న వర్క్‌షాప్‌లో బోరు మోటారు స్టార్టర్లకు కాంటాక్టులు తయారు చేస్తాం. అర మిల్లీమీటరు రాగి పట్టీని స్ప్రింగ్ స్టీలు క్లిప్పుకు అతికించాలి. అతుకు గోరంతే, కానీ అది వదులైతే కాలిపోయేది రైతు మోటారు.

స్పాట్ వెల్డింగ్ చేస్తే స్టీలు ఎర్రబడుతుంది, రాగి మాత్రం వేడిని నిలుపుకోదు. చాకుమొనతో లేపితే పట్టీ శుభ్రంగా ఊడి వస్తుంది, కింద నీలిరంగు మచ్చ ఒక్కటే మిగులుతుంది. రాగి వైపు టంగ్‌స్టన్ ఎలక్ట్రోడు (కరెంటు పంపే మొన) పెడితే వేడి అక్కడే పుడుతుందంటారు. చిన్న వెల్డింగ్ యంత్రంపై ఎవరైనా చేసి చూశారా? మొన ఎంత వెడల్పు ఉండాలి?

ఫ్రిజ్ మెకానిక్కులు కరిగించి రాగిని అతికించే ఫాస్ఫరస్ కడ్డీ సలహా మాత్రం వద్దు. ఇనుముతో కలిస్తే అతుకు పెళుసవుతుంది. వెండి కలిసిన కడ్డీతో అతుకు గట్టిగానే ఉంటుంది, అయితే 600 డిగ్రీలు దాటిన వేడికి స్ప్రింగు బిగువు పోతుంది.

ఇక మిగిలింది మామూలు సాల్డరింగ్. రోజిన్ (చెట్టు బంక ఫ్లక్స్, అంటే లోహాన్ని శుభ్రపరిచి సాల్డరు అంటేలా చేసే పదార్థం)తో స్టీలుకు సరిగా అంటదు. ఆమ్లపు ఫ్లక్స్‌తో అంటుతుంది గానీ బాగా కడగకపోతే తుప్పు పడుతుంది. స్టీలుకు ముందే తగరం పూత వేయిస్తే ఈ బాధ తప్పుతుందా? తిరుపతి, చిత్తూరు వైపు చిన్న సరుకుకు అలాంటి పూత వేసేవారు ఉంటే దయచేసి చెప్పండి. చెన్నైకి పంపడం మాకు గిట్టుబాటు కాదు.