ద్రాక్షారామంలో విన్న మూడు కథలు ఒకదానితో ఒకటి ఎలా పొసుగుతాయి?

ప్రశ్న (అడిగినవారు: తీరిక దొరికిన యాత్రికుడు)

ఇటీవల మా అమ్మగారితో కలిసి రామచంద్రపురం దగ్గరి ద్రాక్షారామానికి వెళ్లి, భీమేశ్వరస్వామినీ మాణిక్యాంబ అమ్మవారినీ దర్శించుకున్నాం. దర్శనం ప్రశాంతంగా జరిగింది గానీ, అక్కడ విన్న స్థలపురాణం మాత్రం నన్ను కొంత తికమక పెట్టింది. గర్భాలయం దగ్గర అర్చకులు చెప్పినది తారకాసురుని కథ: కుమారస్వామి బాణానికి ఆ రాక్షసుని కంఠంలోని అమృతలింగం ఐదు ముక్కలైందని, అందులో ఒకటి ఇక్కడి స్వామి అని. అమ్మవారి గుడిలో విన్నది దక్షయజ్ఞం కథ: దక్షుడు యజ్ఞం చేసిన వాటిక ఇదేనని, సతీదేవి ఎడమ చెంప ఇక్కడ పడిందని. కోనేటి గట్టున కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం ఆ రెండూ పక్కన పెట్టి, కాశీ నుంచి వెలివేయబడిన వ్యాసుడు ఇక్కడికి వచ్చి ఊరట పొందాడని చాలాసేపు చెప్పారు.

ఈ మూడింటిలో క్షేత్రానికి మూలమైన కథ ఏది? ఇవి ఒకే కథలోని భాగాలా, లేక వేర్వేరు కాలాల్లో వచ్చి చేరినవా? గుడి గోడల మీద, స్తంభాల మీద కనిపించిన శాసనాలకు ఈ కథలతో ఏమైనా సంబంధం ఉన్నదా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం (రాసినవారు: పురాణపు పుటలు)

మీరు విన్న మూడు కథలూ పైకి వేర్వేరుగా కనిపిస్తాయి గానీ, పౌరాణిక కాలక్రమంలో పేర్చి చూస్తే మొదటి రెండూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. దక్షయజ్ఞంలో అవమానం భరించలేక సతీదేవి దేహత్యాగం చేసింది. శివుడు విరాగియై తపస్సులో మునిగిపోయాడు. శివుని కుమారుని చేతిలో తప్ప తనకు చావు లేదన్న వరం తారకునికి అంత ధీమా ఇచ్చింది కూడా ఇందుకే, ఎందుకంటే భార్యే లేని శివునికి కొడుకు పుట్టే మాట ఎక్కడిది? సతి పార్వతిగా పుట్టి, ఆమెకు కుమారస్వామి జన్మించిన తరువాతనే తారకవధ సాధ్యమైంది. కాబట్టి అమ్మవారి గుడిలో మీరు విన్నది కథకు ఆరంభం, గర్భాలయంలో విన్నది దాని ముగింపు.

లింగం పగిలిన ఘట్టాన్ని స్థలపురాణం ఇంకొంచెం విస్తరిస్తుంది. ముక్కలు తిరిగి ఒకదానితో ఒకటి కలుసుకోబోతుంటే, వాటిని వెంటనే ఎక్కడికక్కడ ప్రతిష్ఠించారట: అమరావతిలో ఇంద్రుడు, భీమవరం గునుపూడిలో చంద్రుడు, పాలకొల్లులో విష్ణువు, సామర్లకోటలో స్వయంగా కుమారస్వామి, ద్రాక్షారామంలో సూర్యుడు. ఇక్కడ సూర్యుని ప్రస్తావన రావడానికి మరొక ఉపకథ ఉన్నది. స్వామి అభిషేకానికి సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగా తీసుకొస్తుండగా, దారిలో యజ్ఞం చేసుకుంటున్న తుల్యుడనే ఋషి తన యాగవాటిక మునిగిపోతుందని అడ్డుపడ్డాడు. వివాదం తేలి, మూడు పాయలు భూమిలోపలి నుంచి అంతర్వాహినులుగా ఇక్కడికి చేరేసరికి ముహూర్తం దాటిపోతున్నదని సూర్యుడే ముందుగా అభిషేకం జరిపించాడట. గుడి పక్కన మీరు చూసిన కోనేరే సప్తగోదావరి. పెద్దాయన కూర్చున్న గట్టుకే ఇంత కథ ఉన్నదన్నమాట.

ఇక వ్యాసుని కథ. కాశీలో శివుడు పరీక్షించడం వల్ల వ్యాసునికీ శిష్యులకూ భిక్ష దొరకలేదు. కోపంతో ఆయన కాశీవాసులకు మూడు తరాల వరకు ధనం, విద్య, మోక్షం లేకుండా పోవాలని శపించబోగా, అమ్మవారు సామాన్య గృహిణిలా వచ్చి, మందలించి, అందరికీ కడుపునిండా అన్నం పెట్టింది. అయినా అంత కోపిష్ఠికి కాశీలో చోటు లేదని శివుడు ఆయనను పంపివేశాడు. కాశీఖండంలోని ఈ ఘట్టాన్ని చాలామంది పదో తరగతిలో 'భిక్ష' అనే పాఠంగా చదువుకునే ఉంటారు. శ్రీనాథుడు ఇదే కథను భీమేశ్వరపురాణంలోనూ చెప్పి, దానిని ద్రాక్షారామం వైపు నడిపించాడు. కాశీని విడిచిన వ్యాసునికి అగస్త్యుడు ఈ క్షేత్రం గొప్పతనాన్ని వివరిస్తాడు. కాశీ పోగొట్టుకున్నవానికి కాశీతో సమానమైన మరొక చోటును చూపించడమే ఆ కావ్యంలోని ఆలోచన. మూడింటిలోనూ నాకు బాగా నచ్చినది ఇదే, ఎందుకంటే ఇందులో దేవతల మహిమ కన్నా ఆకలిగొన్న మనిషి కోపం, ఆ తరువాతి దుఃఖం ఎక్కువగా కనిపిస్తాయి.

సమాధానం (రాసినవారు: శాసనాల వెంట)

పై సమాధానం బాగున్నది గానీ, దానిలోని వరుసను మనం కూర్చుకున్నదిగానే చూడాలి. దక్షయజ్ఞం జరిగిన చోటు తమదేనని హరిద్వారం పక్కనున్న కంఖల్ వారు కూడా చెబుతారు; అక్కడ దక్షేశ్వరాలయం ఉన్నది. ఒక కథ రెండు చోట్ల జరిగిందని చెప్పినంత మాత్రాన ఎవరో అబద్ధమాడుతున్నారని కాదు. ప్రతి క్షేత్రమూ దేశమంతటికీ తెలిసిన కథలో తన స్థానాన్ని ఎంచుకుంటుంది. అష్టాదశ శక్తిపీఠ స్తోత్రంలో 'మాణిక్యా దక్షవాటికే' అని పన్నెండవ పీఠంగా ఈ క్షేత్రం చేరిన తరువాత, అమ్మవారి గుడిలో దక్షుని కథ ప్రధానమైంది. స్వామి సన్నిధిలో పంచారామాల కథ, కోనేటి గట్టున కాశీ కథ ప్రధానమయ్యాయి. ఏది మూలమని తేల్చడం కన్నా, ఏ కథను ఎక్కడ నిలబడి చెబుతున్నారో గమనించడం మేలని నా అభిప్రాయం.

చరిత్ర విషయానికి వస్తే, ఈ ఆలయాన్ని తూర్పు చాళుక్య రాజు మొదటి చాళుక్య భీముడు (892–922) కట్టించాడని ప్రసిద్ధి. సామర్లకోట ఆలయాన్ని కూడా ఆయనకే ఆపాదిస్తారు, ఆ రెండు గుడులనూ వెంటవెంటనే చూస్తే పోలిక ఎవరికైనా తెలిసిపోతుంది. స్వామి పేరులోని భీముడు ఆ రాజేనని చరిత్రకారులు కొందరు అంటారు, భక్తులు ఒప్పుకోరు, ఆ తగవులోకి నేను వెళ్లను.

శాసనాల గురించి మీరు అడిగారు గనుక చెబుతున్నాను. వాటిలో తారకుడూ దక్షుడూ దొరుకుతారని వెతికితే నిరాశే. ఎక్కువ భాగం దానశాసనాలు, అందులోనూ అఖండదీపానికి సంబంధించినవి. రాజరాజనరేంద్రుని కుమారుడై ఉండి చోళ సింహాసనాన్ని అధిష్ఠించిన కులోత్తుంగుని (1070–1122) కాలానివి ఇక్కడ చాలా ఉన్నాయి. తెలుగు, సంస్కృతాలతో పాటు తమిళంలో ఉన్నవి కూడా కనిపిస్తాయి. పద్ధతి దాదాపు ఒకటే: దాత స్వామివారి దీపం కోసం 50 గొర్రెలను ఇస్తాడు, వాటిని ఒక బోయ తీసుకొని మేపుకుంటూ, తానూ తన కొడుకులూ మనుమలూ తరతరాలుగా రోజుకు మానెడు నెయ్యి దీపానికి పోస్తామని ఒప్పుకుంటాడు. దానమిచ్చిన రాణి పేరుతో పాటు గొర్రెలు కాచే బోయ పేరు కూడా రాతి మీదికి ఎక్కడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. స్థలపురాణం గుడి ఎందుకు వెలిసిందో చెబుతుంది. గుడిలో దీపం రోజూ ఎలా వెలిగిందో ఈ శాసనాలు చెబుతాయి.

మళ్లీ అడిగినవారు: తీరిక దొరికిన యాత్రికుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక రెండు సందేహాలు. స్వామివారికి అభిషేకం పై అంతస్తులో చేసి, కింద మాత్రం చీకటిగా వదిలేయడానికి కారణం ఏమిటి? అలాగే, ఈ క్షేత్రాలన్నీ మొదట బౌద్ధారామాలని మా బంధువు ఒకరు గట్టిగా వాదిస్తున్నారు. అందులో నిజమెంత?

సమాధానం (రాసినవారు: మెట్లెక్కే భక్తుడు)

లింగం రెండు అంతస్తుల ఎత్తు ఉండడమే మొదటిదానికి కారణమండీ. పీఠం కింద ఉంటుంది, శిరోభాగం పైన ఉంటుంది. అభిషేకం శిరస్సుకు జరగాలి గనుక మెట్లెక్కి పైకి వెళ్లాలి. లింగం పైభాగంలోని నల్లని చారలను శివుడు ధరించిన పులితోలు గుర్తులని చెబుతారు. కింది చీకటి ప్రదక్షిణ మార్గంలో పూర్వం గోడలకు పొదిగిన రత్నాలే వెలుగునిచ్చేవని, తరువాతి కాలంలో వాటిని పెకలించుకుపోయారని అక్కడివారు చెప్పే మరొక కథ. అది జరిగినా జరగకపోయినా, కన్ను చీకటికి అలవాటు పడేదాకా కింద కాసేపు ఆగితే గానీ ఆ రాతిపని మనకు అందదు. చాలామంది గబగబా పైకి వెళ్లిపోతారు.

బౌద్ధం సంగతి అమరావతి విషయంలో మాట్లాడితే కొంత అర్థముంటుంది, ఎందుకంటే అక్కడ మహాస్తూపం, అమరేశ్వరాలయం ఒకే ఊళ్లో ఉన్నాయి. తెల్లని పొడవాటి లింగం స్తూపపు స్తంభాలను గుర్తుకు తెస్తుందని కొందరు పండితులు అన్నారు. దానినే ఐదు క్షేత్రాలకూ వర్తింపజేయడం మాత్రం తొందరపాటు. ద్రాక్షారామంలో నేను చదవగలిగిన శాసనాలన్నీ భీమేశ్వరునికి ఇచ్చిన దానాలే.

మళ్లీ వెళ్లే ఆలోచన ఉంటే ఒక్క మాట. కార్తికమాసంలో ఆర్టీసీవారు నడిపే పంచారామాల బస్సులో ఐదు గుళ్లనూ ఒక్క రోజులో తిప్పుతారు. మొక్కు తీర్చుకోవడానికి అది చాలా సౌకర్యం. కథ వినడానికి, శాసనం చూడడానికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే ఆ నెలలో వరుసలోనే సమయం గడిచిపోతుంది. కార్తికం, శివరాత్రి కాని ఒక మామూలు రోజున ఉదయమే ద్రాక్షారామం చేరుకొని, ముందుగా సప్తగోదావరి, తరువాత స్వామి, ఆపైన అమ్మవారు, చివరగా ప్రాకారంలోని స్తంభాలు చూసుకొని, మధ్యాహ్నం మీదుగా సామర్లకోటకు వెళ్లండి. శాసనాల అక్షరాలు ఏటవాలు ఎండలోనే స్పష్టంగా తెలుస్తాయి గనుక, వీలైతే స్తంభాల దగ్గరికి పొద్దెక్కక ముందే వెళ్లడం ఇంకా మంచిది.