హాలుకి పూల కాటన్ కర్టెన్లా, ప్లెయినా? తేల్చండి

తిరుచానూరురోడ్డు_ఇల్లు:
కొత్త ఫ్లాట్‌లో హాలు కిటికీ పడమరకి ఉంది. నాకు కలంకారీ పూలు, తీగలు ఉన్న కాటన్ కర్టెన్లు, దివాన్ మీదకి కూడా అదే గుడ్డ కావాలి. మా ఆయన ప్లెయిన్ పాలిస్టర్ అంటున్నారు, పూలేస్తే లాడ్జి రూములా ఉంటుందంట. మీరేమంటారు?

బైరాగిపట్టెడ_బాబు:
అన్న చెప్పిందే రైటక్కా. తిరపతి ఎండకి కాటన్ పూలు ఆగవు. మేం వేసినాం, ఎండాకాలం దాటేసరికి పూలన్నీ వెలిసిపోయినాయి.

స్వర్ణముఖి_గట్టు:
నువ్వు వేసింది కలంకారీనా, స్క్రీన్ ప్రింటా? ముందు అది చెప్పు సామీ. మా కాళాస్తిలో గుడ్డని కరక్కాయ, గేదె పాలల్లో నానబెట్టి, బెల్లమూ తుప్పు ఇనుమూ ఊరేసిన నలుపుతో గీతలు గీసి, పటిక పూసి అప్పుడు ఎరుపులో ఉడికిస్తారు, పటిక పట్టిన చోట రంగు దారంలోకే దిగుతుంది, ఉతికినా పోదు. తెల్లోళ్ళు మన కోస్తా గుడ్డల కోసం ఎగబడింది అందుకే, పరుపులకీ గోడలకీ కుర్చీలకీ అన్నిటికీ ఇవే. ఫ్రాన్స్ 1686లోనే ఆపింది. ఇంగ్లండ్‌లో ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల చేస్తే 1721లో చట్టం చేసి ఒంటి మీదే కాదు ఇంట్లో కూడా వాడకూడదన్నారు. రంగు నిలవని గుడ్డకి ఎవరైనా చట్టం పెడతారా?

చిత్తూరు_కోడలు:
ఏ గుడ్డయినా దేవుడి బొమ్మలున్నది మాత్రం దివాన్ మీద వెయ్యొద్దమ్మా. మా ఆడబిడ్డ వేసింది, మా అత్త ఆ ఇంట్లో ఇప్పటికీ నిలబడే కాఫీ తాగతాది.

బైరాగిపట్టెడ_బాబు:
ఇంగ్లండ్‌లో ఎండ యాడిదన్నా? నేను ఉతుకు గురించి అడగలా, ఎండ గురించి చెప్తా ఉండా. పసుపు నిలుస్తాదా?

స్వర్ణముఖి_గట్టు:
పసుపు నిలవదు. మ్యూజియంలలో పాత గుడ్డలు చూడు, చాలావాటిలో ఆకులు నీలంగా ఉంటాయి, నీలి మీద పూసిన పసుపు పోయి. ఎరుపు, నీలం నిలిచినాయి కదా, అవి వదిలేసి పసుపు పట్టుకుంటివి.

బైరాగిపట్టెడ_బాబు:
పోతుందని నువ్వే అంటివి. అయిపాయ.

పెద్దకాపులేఅవుట్:
వెనక కోరా గుడ్డ లైనింగ్ వేస్తే సరిపోయేదానికి ఇంత రచ్చా?

స్వర్ణముఖి_గట్టు:
బాబూ, కర్టెన్ సంగతి కాదిది. మా మీద ఏం కోపం నీకు?

బైరాగిపట్టెడ_బాబు:
కోపమే. మా అక్క పెళ్ళికి పెట్టేదానికి మీ ఊర్లో చేత్తో వేసిందంటే బెడ్‌షీట్ కొన్నాం. తడిచెయ్యి తగిలితే రంగు అంటింది. మిషన్ ప్రింటంట. అత్తగారింట్లో మా అక్క పరువు పాయ. ఈ ఊరి సరుకని సర్కారిచ్చే జీఐ గుర్తింపుందని గొప్పలు, అమ్మేదేమో ఇది.

స్వర్ణముఖి_గట్టు:
ఎంతకి కొన్నారు?

బైరాగిపట్టెడ_బాబు:
వాడు చెప్పింది 1,200. మా నాయన 800కి దించినాడు.

స్వర్ణముఖి_గట్టు:
డబల్ బెడ్‌షీటు చేత్తో గీసి, రంగు రంగుకీ ఏట్లో జాడించి ఆరేసేదానికి 800! మా నాయన వేళ్ళు చూసుంటే ఆ మాట అడిగేవాళ్ళు కాదు. ఇట్లా బేరాలాడబట్టే మా ఇంట్లో కలం పట్టేవాడు లేడు, నేను ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టుకి పోతా ఉండా.

బైరాగిపట్టెడ_బాబు:
అబద్ధం చెప్పి అమ్మినోడు మంచోడు, బేరమాడినోడు దొంగా? ప్రింటంటే ప్రింటని చెప్పమను, కొంటాం.

స్వర్ణముఖి_గట్టు:
వాడు చేసింది తప్పే, కాదన్లేదు. నిజం చెప్పి నిజమైన రేటు అడిగే అంగడి మా వీధిలోనే ఉండాది, నువ్వు లోపలికే రావు.

తిరుచానూరురోడ్డు_ఇల్లు:
కిటికీకి ఆయన ప్లెయిన్, దివాన్‌కి నా పూలు అని ఒప్పుకున్నాం. పెడన అచ్చు గుడ్డ చూశాను, అచ్చని చెప్పే అమ్ముతున్నారు. ఉతికి కుట్టించాలా, కుట్టించి ఉతకాలా?

చిత్తూరు_కోడలు:
ఉతికి కుట్టించమ్మా, లేకపోతే కుంచించుకుపోతాది. మొదటిసారి విడిగా నానెయ్యి.

బైరాగిపట్టెడ_బాబు:
నీడలో ఆరెయ్యక్కా. ఎండకి పోతాదంటే ఈడ ఎవురూ నమ్మరు.