పీఎస్2 తరంలో ఆటల దారి మార్చింది ఏది? శాన్ ఆండ్రియాస్ కాదంటాను నేను

పొగతోట:
మొన్న ఆదివారం చిన్నప్పటి బ్యాచ్ నలుగురం మైపాడు బీచ్‌లో కలిశాం. మాటల్లో పీఎస్2 (టీవీకి తగిలించి ఆడే సోనీ ప్లేస్టేషన్ 2) రోజులు వచ్చాయి. ఆ తరంలో, అంటే 2000 నుంచి 2007 దాకా వచ్చిన వాటిలో, తర్వాతి ఆటలన్నిటి దారి మార్చింది ఏదీ అంటే ముగ్గురిదీ ఒకటే మాట: గ్రాండ్ తెఫ్ట్ ఆటో, అదే జీటీఏ సిరీస్‌లోని శాన్ ఆండ్రియాస్. నేను ఒప్పుకోలేదు. నా మాట పూర్తిగా విననే లేదు వాళ్ళు. అందుకే ఇక్కడ పెడుతున్నా. కాదనేవాళ్ళు కారణం చెప్పి కాదనండి.

నా ఓటు భయపెట్టే షూటింగ్ ఆట రెసిడెంట్ ఈవిల్ 4కి. 2005 జనవరిలో ముందు నింటెండో వాళ్ళ గేమ్‌క్యూబ్‌కి వచ్చింది, ఆ ఏడాది అక్టోబరులో పీఎస్2కి. అంతకుముందు ఆ సిరీస్‌లో కెమెరా గోడకో పైకప్పుకో అతికించినట్టు ఉండేది. మనిషి ఎటు నడిస్తే అటువైపు మూల నుంచి చూడాల్సిందే. ఆట డైరెక్టర్ షింజీ మికామీ ఆ కెమెరాను తెచ్చి హీరో లియాన్ కుడి భుజం వెనక పెట్టాడు. తుపాకి ఎత్తగానే ఇంకా దగ్గరికి జరుగుతుంది. ఎర్ర లేజర్ చుక్క ఎక్కడ పడితే గుండు అక్కడికే. మోకాలికి కొడితే కూలబడతాడు, తలకు కొడితే తూలతాడు, అప్పుడు పరిగెత్తుకెళ్ళి తన్నొచ్చు. గురి పెట్టినంతసేపూ లియాన్ ఒక్క అడుగు కదలలేడు. మొదట్లోనే ఆ ఊళ్ళో జనం నాలుగు వైపుల నుంచీ కమ్ముకుంటుంటే, తలకు గోనె చుట్టుకున్నవాడు రంపం మిషన్ ఆన్ చేసుకుని వస్తుంటే, చర్చి గంట మోగేదాకా బతికి ఉండాలి. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. చేతులు చెమటపట్టి రిమోట్ జారిపోయింది.

2006లో గేర్స్ ఆఫ్ వార్, 2008లో డెడ్ స్పేస్, 2013లో ద లాస్ట్ ఆఫ్ అస్, 2018లో వచ్చిన కొత్త గాడ్ ఆఫ్ వార్... అన్నిట్లోనూ మనం నిలబడేది ఆ భుజం వెనకే. ఇంకో సంగతి. ఈ ఆటను తయారుచేస్తూ చాలాసార్లు మొదటికి వచ్చారు. అలా పక్కన పెట్టిన ఒక ప్రయత్నమే 2001లో డెవిల్ మే క్రైగా బయటికొచ్చింది. అంటే ఈ ఆట పుట్టకముందే ఇంకో ఆటకు జన్మనిచ్చింది.

కావలి ప్యాసింజర్:
పొగతోట అన్నా, కెమెరా గొప్పదే, కాదనను. కానీ కెమెరా అంటే మనం చూసే కిటికీ. శాన్ ఆండ్రియాస్ ఇచ్చింది బతకడానికి ఒక ఊరు. 2004 అక్టోబరులో వచ్చింది. ఒక్క డీవీడీలో లాస్ శాంటోస్, శాన్ ఫియెర్రో, లాస్ వెంచురాస్, మధ్యలో అడవి, ఎడారి, కొండ. దానికి ముందు వచ్చిన జీటీఏ 3లో, వైస్ సిటీలో ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోతే లోడింగ్ పడేది. ఇందులో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా సైకిల్ మీద పోయినా ఎక్కడా ఆగదు.

బర్గర్లు ఎక్కువ తింటే హీరో సీజేకి పొట్ట వస్తుంది, పరుగు తగ్గుతుంది. జిమ్‌కి పోతే కండ వస్తుంది. సైకిల్ తొక్కగా తొక్కగా తొక్కడం వస్తుంది. రోల్ ప్లేయింగ్ ఆటల్లో అంకెలుగా కనిపించే సంగతుల్ని ఇక్కడ మనిషి ఒంటి మీద చూపించారు. ఈరోజు పెద్ద ఆట ఏది తీసినా ఈ పద్ధతి ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. పీఎస్2లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైంది కూడా ఇదే.

ట్యూషన్ ఎగ్గొట్టి నేనూ మా ఫ్రెండూ ఆడేవాళ్ళం. లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో చీట్ కోడ్‌లు: ఆర్1, ఆర్2, ఎల్1, ఎక్స్, ఎడమ, కింద, కుడి, పైన, మళ్ళీ ఎడమ, కింద, కుడి, పైన. ఈ బటన్లు వరసగా నొక్కితే హెల్త్, ఆర్మర్, రెండున్నర లక్షల డాలర్లు. త్రికోణమితి సూత్రం ఒక్కటీ గుర్తులేదు, ఇది మాత్రం ఇప్పుడు చూడకుండా టైప్ చేశాను.

పొగతోట:
తమ్ముడూ, నువ్వు చెప్పిన ఊరు 2001లోనే కట్టారు. దాని పేరు జీటీఏ 3. త్రీడీలో నగరం, నచ్చిన బండి ఎక్కడం, బండిలో రేడియో, పోలీసుల నక్షత్రాలు, మిషన్ వదిలేసి ఊరికే తిరగడం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ తర్వాత రెండు మూడేళ్ళు ప్రతి కంపెనీ అలాంటిదే ఒకటి చేయబోయింది. శాన్ ఆండ్రియాస్ ఆ చెట్టుకు కాసిన తియ్యని పండు. పండును పట్టుకుని విత్తనం అంటే ఎట్టా?

సింగరాయకొండ:
మీ ఇద్దరి లెక్కలోనూ తుపాకి లేని ఆట ఒక్కటీ లేదు. నేను షాడో ఆఫ్ ద కొలోసస్ అంటాను.

మా అన్న డిప్లొమా చదివేటప్పుడు ఇంట్లో పీఎస్2 ఉండేది. వాడూ వాడి స్నేహితులూ ఆడుతుంటే నేను మంచం మీద కూర్చుని చూసేదాన్ని. నాకు రిమోట్ ఇచ్చేవాళ్ళు కాదు. ఈ ఆట మాత్రం వాళ్ళకు నచ్చలేదు. గుర్రం మీద ఖాళీ మైదానంలో పోవడమే, ఏమీ లేదిందులో అని పక్కన పడేశారు. అలా నా చేతికి వచ్చింది.

ఫుమితో ఉయెదా 2005లో చేసిన ఆట ఇది. శత్రువులు పదహారు మంది, అంతే. దారిలో చిన్నాచితకా దెయ్యాలు లేవు, దుకాణాలు లేవు. కొండంత ప్రాణి నడిచొస్తుంది. దాని కాలి మీది బొచ్చు పట్టుకుని ఎక్కాలి. ఆర్1 నొక్కి ఉంచితేనే పట్టు. వదిలితే జారిపోతాం. తెర మూలన గులాబీ రంగు గుండ్రం ఒకటి తగ్గుతూ ఉంటుంది, అది మన చేతుల్లో మిగిలిన బలం. ఆ ప్రాణి ఒళ్ళు విదిలించినప్పుడు నా చూపుడు వేలు తెల్లబడేదాకా నొక్కి పట్టుకున్నాను. ఆటలోని వాడి చెయ్యి, నా చెయ్యి ఒకే నొప్పి పడ్డాయి. నేను ఆడిన ఇంకే ఆటలోనూ ఒక బటన్ అంత నిజంగా ఒక పని కాలేదు.

అది కూలినప్పుడు గెలిచిన పాట రాదు. ఏడుపు లాంటి సంగీతం వస్తుంది. మూడోది పడగొట్టాక నాకు ఆపేయాలనిపించింది, వాటి మానాన అవి ఉన్నాయి కదా అని. ఆట చేతే 'నేను చేస్తున్నది తప్పేమో' అనిపించడం అక్కడే మొదటిసారి చూశాను. 2017లో జెల్డా బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో కొండ ఎక్కుతుంటే తగ్గే ఆకుపచ్చ గుండ్రం చూసి నాకు వెంటనే ఈ గులాబీ గుండ్రమే గుర్తొచ్చింది. 2018లో పీఎస్4కి మళ్ళీ మొదటి నుంచి కట్టి విడుదల చేశారంటే, మర్చిపోనివాళ్ళు చాలామందే ఉన్నారన్నమాట.

కావలి ప్యాసింజర్:
అక్కా, నేనూ అరగంట ఆడి వదిలేసినవాణ్ణే. మీరు రాసింది చదివాక అది నా తప్పనిపిస్తోంది. ఈ వారం పెడతాను.

ఆత్మకూరు:
ఇక్కడ అందరూ ఇంట్లో సిస్టమ్ ఉన్నవాళ్ళలాగా మాట్లాడుతున్నారు. మా ఆత్మకూరులో నా తరగతిలో ఎవరింట్లోనూ లేదు. ఆడాలంటే సెలవుల్లో నెల్లూరు మేనత్త ఇంటికి వచ్చి, గేమ్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి ఆడటమే. అక్కడ కథ ఉన్న ఆట ఆడలేం. కారణం మెమరీ కార్డు, అదే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే కార్డు.

సెంటర్‌లో ఉన్నది ఒక్క 8 ఎంబీ కార్డు. శాన్ ఆండ్రియాస్‌లో సేవ్ చేసుకోడానికి ఎనిమిది స్లాట్లు. ఆడే పిల్లలు ఇరవై మందికి పైనే. నాలుగో స్లాట్ నాది. సీజే స్నేహితుడు బిగ్ స్మోక్‌ను బైక్ వెనక కూర్చోబెట్టుకుని రైలు వెంట పోయే మిషన్ ఉంది కదా, అది దాటడానికి నాకు మూడు రోజులు, అరవై రూపాయలు పట్టింది. రైలుకు మరీ దగ్గరగా పోతే వాడు కాల్చే గుండ్లు పైనున్నవాళ్ళకు తగలవు, కొంచెం దూరంగా, పక్క పట్టాల మీద పోవాలి. అది తెలుసుకునే సరికే డబ్బులైపోయాయి. నాలుగో రోజు పోయి చూస్తే నాలుగో స్లాట్‌లో ఎవరిదో మొదటి మిషన్ ఉంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పన్నెండేళ్ళ వయసు.

ఆ తర్వాత నేను ఆడినవి రెండే. స్మాక్‌డౌన్ హియర్ కమ్స్ ద పెయిన్ అనే కుస్తీ ఆట, క్రికెట్ 07. ఒకటి పది నిమిషాలు, ఇంకొకటి అయిదు ఓవర్లు. సేవ్ అక్కర్లేదు, పక్కన ఇంకొకడు కూర్చుంటాడు, డబ్బు సగం సగం. క్రికెట్ 07లో ఇండియా వాళ్ళ పేర్లు కూడా సరిగ్గా ఉండేవి కావు, లైసెన్సు లేక. అయినా మాకు మొహం చూడగానే ఎవరెవరో తెలిసేది. మన జిల్లాల్లో ఆ తరాన్ని గేమింగ్‌లోకి లాగినవి ఇవే. ప్రపంచం పెట్టే లిస్టుల్లో వీటి పేరు పైన ఉండదు. మన లిస్టులోనన్నా పెట్టాలి కదా.

గాలివాన:
హేలో మాట ఎవరూ ఎత్తలేదేంటి? 2001లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్‌కి వచ్చింది. రెండే తుపాకులు మోయడం, కాసేపు దాక్కుంటే కవచం తిరిగి నిండటం, గ్రెనేడ్‌కు విడిగా బటన్, ఈరోజు షూటింగ్ ఆటల్లో సగం రూల్స్ అక్కడివే.

పొగతోట:
గాలివాన, నిజమే. ప్రభావం లెక్కలో దాన్ని కొట్టేయలేం. మనవైపు ఆ మొదటి ఎక్స్‌బాక్స్‌ను నేను ఏ ఇంట్లోనూ చూడలేదు, అందుకే ఎవరికీ తట్టలేదు.

ఆత్మకూరు తమ్ముడి మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. నాకు ఇంట్లో సొంత కార్డు ఉండేది. రెసిడెంట్ ఈవిల్ 4లో టైప్‌రైటర్ కనిపించిన ప్రతిచోటా నిదానంగా సేవ్ చేసుకుంటూ నడిచాను. అది లేకపోతే నా ఓటు ఎటు పోయేదో ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

కర్నూలు రోడ్డు:
అబ్బయ్యా, నేను ఒంగోలులో 2006 నుంచి 2011 దాకా గేమ్ సెంటర్ నడిపాను. నాలుగు సిస్టమ్‌లు, నాలుగు పాత కలర్ టీవీలు, గంటకు 15 రూపాయలు. ఏ ఆట లోకాన్ని మార్చిందో మీరు తేల్చండి. ఏ ఆట ఏ వస్తువును అరగదీసిందో నాకు బాగా తెలుసు, అది చెప్తాను.

స్మాక్‌డౌన్ రిమోట్లను తినేసేది. దెబ్బ తప్పించుకోడానికి వెనక బటన్లు టపటపా కొడతారు కదా, వాటి కింది రబ్బరు నెల తిరక్కుండానే మెత్తబడిపోయేది. టెక్కెన్ 5 అనే ఫైటింగ్ ఆట ఆడేవాళ్ళు ఎడమ పక్క బాణాల బటన్ పని పట్టేవాళ్ళు. క్రికెట్ దేన్నీ పాడుచేసేది కాదు, కానీ కరెంటు పోతే తగాదా. చివరి ఓవర్‌లో పోయిందా, ఇద్దరికీ డబ్బు వెనక్కివ్వాల్సిందే.

శాన్ ఆండ్రియాస్ అయితే డిస్క్ చదివే లెన్స్‌ను తినేది. ఇది ఎందుకో నాకు మొదట్లో అర్థం కాలేదు, రిపేరు చేసే ఆయన చెప్పాడు. పీఎస్2లో ఉన్న ర్యామ్, అంటే ఆడేటప్పుడు వాడుకునే మెమరీ, 32 ఎంబీ. అంత ఊరు అందులో పట్టదు. అందుకని మనం బండి తోలుతుంటే ముందున్న వీధి అప్పటికప్పుడు డిస్క్ నుంచి వస్తుంది, వెనకది పోతుంది. పైగా రేడియో పాట కూడా అదే డిస్క్ నుంచి. లెన్స్ ఒక్క క్షణం ఊరుకోదు. కుస్తీ ఆట అయితే మ్యాచ్ మొదలయ్యే ముందు చాలావరకు చదివేసుకుని స్థిమితపడేది. గీతలు పడిన డిస్క్‌లో పిల్లలు వేగంగా పోతే, వీధి రాకముందే బండి అక్కడికి చేరేది. ఇళ్ళు మసకగా, రంగు పూసిన అట్టముక్కల్లా నిలబడేవి. ఒక్కోసారి బొమ్మ అట్టే బిగుసుకుపోయేది. ఆరేడు నెలలకోసారి పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి లెన్స్ కొనుక్కుని రాత్రి బండికి తిరిగొచ్చేవాణ్ణి.

కావలి తమ్ముడు లోడింగ్ పడదన్నాడే, దాని వెనక జరిగేది ఇదీ. అంత చిన్న మెమరీలో అంత ఊరిని ఆగకుండా నడిపించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ లెక్కన నా ఓటు పొగతోట చెప్పిన జీటీఏ 3కి. వీధిని నడుస్తూ నడుస్తూ తెప్పించుకునే పని 2001లో అది చేసి చూపించింది కాబట్టే తర్వాతిది ఇంతైంది.

2009లో హైదరాబాద్‌లో తయారైన హనుమాన్ బాయ్ వారియర్ వచ్చింది. మనవాళ్ళు పీఎస్2కి ఆట చేశారని సంతోషంగా తెచ్చి వచ్చిన ప్రతివాడికీ చూపించాను. పిల్లలు రెండు రోజులు ఆడి మళ్ళీ స్మాక్‌డౌన్ పెట్టమన్నారు. నాకు బాధేసింది. దాన్ని చేసినవాళ్ళ చేతుల్లో ఇంకో రెండు మూడు ఆటలు పడి ఉంటే బాగుపడేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆత్మకూరు:
అన్నా, స్లాట్ల గొడవలు మీ దగ్గర కూడా అయ్యేవా?

కర్నూలు రోడ్డు:
రోజూ. తర్వాత నేనే తెల్ల కాగితం మీద స్లాట్ నంబరు, పిల్లాడి పేరు రాసి టీవీ పక్కన అంటించాను. అయినా తుడిచేసేవాళ్ళు తుడిచేసేవాళ్ళే.

సెంటర్ మూసేటప్పుడు మూడు సిస్టమ్‌లు అమ్మేశాను. ఒకటి ఉంచుకున్నా, కార్డు కూడా ఉంది. మీ మాటలు చదివి నిన్న రాత్రి పెట్టి చూశాను. ఆరో స్లాట్‌లో ఎవరిదో శాన్ ఆండ్రియాస్ సేవ్, సరిగ్గా ఆ రైలు మిషన్ ముందు ఆగి ఉంది. కాగితం ఎప్పుడో పోయింది, ఏ పిల్లాడిదో తెలియదు. ఆత్మకూరు అబ్బాయీ, ఒంగోలు వచ్చినప్పుడు ఫోన్ చెయ్. లెన్స్ బాగానే ఉంది.