ఉగాండా పల్లెకు వాలంటీర్‌గా వెళ్తున్న చెల్లికి కొన్ని మాటలు

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది వరంగల్ దగ్గర ఒక పల్లె. బీఎస్సీ నర్సింగ్ చేశాను. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఏడాది పాటు తూర్పు ఉగాండాలోని కుమి జిల్లాకు వెళ్తున్నాను. తాగునీరు, ఆరోగ్యం, పొదుపు సంఘాల పని అన్నారు. ఇంట్లో అమ్మానాన్నలకు ఒకటే టెన్షన్. అక్కడ రోజులు ఎలా గడుస్తాయి, పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం తెచ్చుకోవాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు, ఒక అక్క:

చెల్లీ, నేను సోరోటీ వైపు పల్లెల్లో వాలంటీర్‌గా పనిచేశాను. నువ్వు వెళ్లే కుమి కూడా అదే తేసో ప్రాంతం. సామాను సంగతి ఎవరైనా చెప్తారు, నేను పని గురించే రాస్తాను.

వెళ్లగానే కొత్త పథకమేదీ తలకెత్తుకోకు. ఊళ్లో బోరింగు కమిటీ, పొదుపు సంఘం, వీహెచ్‌టీ అనే గ్రామ ఆరోగ్య బృందం నువ్వు రాకముందు నుంచే ఉండి ఉంటాయి. నువ్వు వచ్చేశాక కూడా అవే ఉండాలి. నీ ఏడాదిని వాటికే ఇవ్వు. నేను చూసినంతలో పల్లెలకు తక్కువైంది కొత్త వస్తువు కాదు, ఉన్నదాన్ని పాడవకుండా చూసుకునే ఏర్పాటు.

ముందు ఎల్‌సీ1, అంటే ఊరి లోకల్ కౌన్సిల్ చైర్‌పర్సన్‌ను కలువు. ఆయన ఊరి పెద్ద. విజిటర్స్ బుక్ ముందు పెడతారు, సంతకం చేసి కాసేపు కూర్చో. పలకరింపులు తాపీగా సాగుతాయి. ఇంట్లోవాళ్లు, పశువులు, వానలు అన్నీ అయ్యాకే పని మాట. తొందరపడితే అమర్యాదగా తోస్తుంది. ఇంగ్లిష్ చాలామందికి వస్తుంది కానీ ముసలివాళ్లతో అక్కడి భాష అతేసో కావాలి. రోజుకు నాలుగు మాటలు పిల్లల దగ్గరే నేర్చుకో.

ఇక బోరింగు. చూడగానే మన ఊరి పంపే అనిపిస్తుంది. నిజంగానే మనదే. 1970ల్లో యూనిసెఫ్ సాయంతో మన దేశంలో రూపొందిన ఇండియా మార్క్ 2 పంపును ఉగాండా వాళ్లు యూ2 పేరుతో వాడుకుంటున్నారు. చాలాసేపు కొడితే గాని నీళ్లు రావడం లేదంటే లోపల వాషర్లో, అడుగు వాల్వో అరిగిందన్నమాట. నీళ్లు ఎర్రగా, తుప్పు వాసనతో వస్తుంటే ఇనుప పైపులను తుప్పు తినేసి ఉంటుంది. భూగర్భజలం ఆమ్లంగా ఉన్నచోట ఇది మామూలే. అప్పుడు ఆడవాళ్లు ఆ నీళ్లు తాగలేక, ఇరవై లీటర్ల పసుపు జెర్రీక్యాన్లు పట్టుకుని దూరంగా ఉన్న గుంటకు పోతారు. బాగుచేసే మెకానిక్ మన మండలం లాంటి సబ్‌కౌంటీలో దొరుకుతాడు. దొరకనిది డబ్బు.

ఇక్కడే జాగ్రత్త. వాషర్ల ఖర్చు నీకు పెద్ద లెక్క కాదు, జేబులోంచి ఇచ్చేస్తే ఆ సాయంత్రానికే నీళ్లొస్తాయి. కానీ ఆ తర్వాత కమిటీ కోశాధికారి ఇంటింటికీ తిరిగి చందా అడిగితే ఎవరిస్తారు? ఇండియా అమ్మాయి ఉందిగా, ఆమెనడుగు అంటారు. ఆ కోశాధికారి చాలా ఊళ్లలో ఒక ఆడమనిషే. ఆమె మాటకు ఊళ్లో విలువ పోతే, నువ్వు వెళ్లాక ఆ పంపుకు దిక్కు ఉండదు. అందుకే ఆమె పక్కన కూర్చుని లెక్కల పుస్తకం సరిచెయ్యి. నెలనెలా ఇవ్వలేని ఇల్లు పంట చేతికొచ్చాక ఇవ్వగలదు. వసూలు ఆ రోజులకు జరిపితే బాగుంటుందేమో కమిటీలో అడుగు. తేల్చాల్సింది మాత్రం వాళ్లే.

పొదుపు సంఘం మీటింగ్‌కు తప్పకుండా వెళ్లు. మామిడిచెట్టు కింద బెంచీలు, చాపలు, మధ్యలో ఇనుప పెట్టె. దానికి మూడు తాళాలు, ఆ తాళంచెవులు ముగ్గురు వేర్వేరు మనుషుల దగ్గర. ముగ్గురూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. క్రితం వారం ఎంత మిగిలిందో సభ్యులు జ్ఞాపకం నుంచే చెప్తారు, తర్వాత పెట్టెలోది లెక్కపెట్టి సరిచూస్తారు. పేరు పిలిచినవాళ్లు లేచి వచ్చి, అందరూ చూస్తుండగా డబ్బు ప్లాస్టిక్ గిన్నెలో వేస్తారు. ఎన్ని వాటాలు కొంటే పాస్‌బుక్‌లో అన్ని ముద్రలు. దాచినదానికి మూడింతల వరకు అప్పు పుడుతుంది. ఏడాది తిరిగేసరికి వడ్డీతో సహా మొత్తం పంచుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. 1991లో నైజర్‌లో కేర్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది.

డ్వాక్రా చూసి పెరిగినదానివి కాబట్టి బ్యాంకు లింకేజీ మాట నీ నోటిదాకా వస్తుంది. వెంటనే ఎత్తకు. అక్కడ తిరిగేదంతా సభ్యుల సొంత డబ్బు. ఎగవేస్తే పోయేది పక్కింటామె కూలి డబ్బే. అందుకే ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. బయటి అప్పు వచ్చిపడితే ఆ పట్టు సడలే ప్రమాదముంది. ఆ సంఘాలంటే నాకు చాలా గౌరవం.

నర్సువని తెలిస్తే జనం నీ గుమ్మం ముందే కూర్చుంటారు. అక్కడి నర్సుల కౌన్సిల్‌లో రిజిస్టర్ కాకుండా సూది పట్టకు, మందులివ్వకు. వీహెచ్‌టీలు ఊరి వాళ్లు ఎంచుకున్న వాలంటీర్లు. కొన్నిచోట్ల పిల్లలకు మలేరియా టెస్ట్ చేసి మందిచ్చేది కూడా వాళ్లే. తల్లులను వాళ్ల దగ్గరకు, కేసు ముదిరితే సబ్‌కౌంటీలోని హెల్త్ సెంటర్ 3కి పంపు. ఆపరేషన్ అవసరమైతే హెల్త్ సెంటర్ 4, లేదా జిల్లా ఆసుపత్రి. వర్షాకాలం రాత్రిపూట కాన్పు నొప్పులొస్తే బండి ఎవరిది, డబ్బు ఎక్కడిది అన్నది గర్భిణి ఇంట్లో ముందే మాట్లాడి పెట్టించు. నీ చదువు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అక్కడే.

పొద్దున్నే అందరూ పొలాల్లో ఉంటారు. ఎడ్లతో దున్నే ఊళ్లు అవి, మార్చిలో వానలు మొదలైతే ఎవరికీ తీరిక దొరకదు. మీటింగులు మధ్యాహ్నం తర్వాత పెట్టుకో.

జవాబు, కంపాలా నుంచి ఒక అన్నయ్య:

అమ్మా, అక్క వదిలేసినవి నేను రాస్తాను. ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేనిదే ఉగాండాలోకి రానివ్వరు, తిరిగి ఇండియాలో దిగేటప్పుడు కూడా అడుగుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. మలేరియా రాకుండా ఏ మాత్ర వాడాలో డాక్టర్‌నడిగి తెచ్చుకోండి. దోమతెర ఉన్నా జ్వరం వస్తే అదే రోజు టెస్ట్ చేయించుకోవాలి. ఇంటికి వచ్చాక నెలల తర్వాత జ్వరం వచ్చినా, ఆఫ్రికా వెళ్లొచ్చానని డాక్టర్‌కు ముందే చెప్పండి.

టూరిస్ట్ వీసా మీద పని చేయకూడదు. పర్మిట్ సంగతి సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నన్నడిగితే జబ్బుల కంటే రోడ్లకే ఎక్కువ భయపడాలి. బోడా బోడా అనే బైక్ ట్యాక్సీ ఎక్కక తప్పదు. హెల్మెట్ మీది మీరే కొనుక్కోండి, చీకటి పడ్డాక ఎక్కకండి. ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, అడాప్టర్ తెచ్చుకోండి. సిమ్‌కు పాస్‌పోర్ట్ చూపించాలి. పల్లెల్లో కూడా ఎంటీఎన్, ఎయిర్‌టెల్ ఫోన్ కంపెనీల మొబైల్ మనీ మీదే డబ్బు నడుస్తుంది.

ఇంకొకటి. మిమ్మల్ని చూడగానే ఏదో ఇండియన్ షాపు వాళ్లమ్మాయి అనుకుంటారు. 1972లో అప్పటి ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియా వాళ్లను, అంటే ఎక్కువగా మనవాళ్లనే, 90 రోజుల్లో దేశం విడిచి పొమ్మన్న రోజులు పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. షాపు వాళ్ల మీద మంచీ చెడూ రెండూ మీ చెవిన పడతాయి. వాదనకు దిగకండి, వినండి.

మళ్లీ ప్రశ్న:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. తిండి సంగతి అమ్మ అడగమంటోంది.

జవాబు, అక్క:

అమ్మకు చెప్పు, పస్తులుండవు. అక్కడి అతాప్ అంటే మన సంకటే. రాగి, జొన్న, కర్రపెండలం పిండ్లు కలిపి, కొన్ని ఇళ్లలో చింతపండు కూడా వేసి గెలుకుతారు. రాగులు మన దేశానికి వచ్చింది కూడా తూర్పు ఆఫ్రికా నుంచే. పక్కన అలసంద ఆకు కూర, అందులో వేరుశనగ ముద్ద. చపాతీలు రోడ్డు పక్కనే కాలుస్తారు. కారం మాత్రం ఉండదు, కారప్పొడి, ఆవకాయ కట్టించుకో. పప్పులు, మసాలాలు ఎంబాలే పట్టణంలోని మనవాళ్ల షాపుల్లో దొరుకుతాయి.

భోజనానికి ముందు ఆ ఇంటి అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని నీ చేతుల మీద నీళ్లు పోస్తుంది. కంగారుపడి లేపకు, అది వాళ్ల మర్యాద. చేతులు కడుక్కుని, థ్యాంక్స్ చెప్పి తిను. వాళ్లు పెట్టింది కొంచెమైనా తినాలి.

ఉగాండా మనకు రెండున్నర గంటలు వెనక. ఊళ్లో సిగ్నల్ అందే చోటు చూసుకున్నాక, వారంలో ఒక రోజు, ఒక టైమ్ ఖాయం చేసి ఇంటికి ఫోన్ చెయ్యి. వానకు టవర్ పడిపోతే రెండు మూడు రోజులు ఫోన్ కలవదని, కంగారుపడొద్దని ఇప్పుడే చెప్పి పెట్టు. సంస్థ కంపాలా ఆఫీసు నంబర్ నాన్న దగ్గర ఉంచు.